ఉస్తాద్ ఖాతా పుస్తకం

(నల్లగొండలో చిత్రకారులు, శిల్పులు, డ్రాయింగ్ టీచర్లు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. సభలోంచి వచ్చిన మాటలు అక్కడక్కడ అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. తమ్ముడూ, మైకు కొంచెం కిందికి దించు. ఫ్యాను మాత్రం ఆపకండి, శబ్దం వస్తే వచ్చింది.

పది రోజుల కింద ఫోన్ చేసి, "సార్, ఆర్టిస్టులకు కోచింగ్, మెంటరింగ్ అనే విషయం మీద మాట్లాడాలి" అన్నారు. ఇంట్లో ఆ మాట చెప్తే మా ఆవిడ, "గ్రూప్ టూ కోచింగ్ ఎప్పుడు పెట్టినవు?" అని అడిగింది. (నవ్వులు) ఆమె తప్పేం లేదు. మన ఊళ్లో కోచింగ్ అంటే డీఎస్సీ, పోలీసు ఉద్యోగాలు, పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగులు. బొమ్మలేసేవాడికి కోచింగ్ ఏంటి అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించేది. తర్వాత గుర్తొచ్చింది, నాకు అది దొరికిందని. అప్పుడు దానికి ఆ పేరు లేదు, అంతే.

నాది మిర్యాలగూడ దగ్గర పల్లె. 1983లో పదో తరగతి తప్పి, బోర్డులు రాసే దుకాణంలో చేరాను. రేకుల షెడ్డు, ముందర వేపచెట్టు, లోపల టర్పెంటైన్ వాసన. యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. మొదటి ఆరు నెలలు కిరోసిన్‌లో బ్రష్షులు కడిగాను, రేకులకు ఉప్పుకాగితం కొట్టాను. దారానికి సుద్ద పూసి ఈ కొసన నేను, ఆ కొసన ఇంకో పిల్లవాడు పట్టుకుంటే ఉస్తాద్ మధ్యలో లాగి వదిలేవాడు. టప్పుమని గీత పడేది. ఆ తర్వాతే అక్షరం. అది కూడా 'ర'తో మొదలు. గుండ్రం కుదిరితే మిగతావన్నీ దాని వెంట వస్తాయనేవాడు.

ఇదంతా చేతి పని, మీకు తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది వేరే. రైస్ మిల్లు ఆసామి ఎవరైనా వచ్చి "బోర్డుకు ఎంత తీసుకుంటవు?" అంటే ఉస్తాద్ వెంటనే రేటు చెప్పేవాడు కాదు. "కూసో పటేలా, చాయ్ తాగు" అనేవాడు. చాయ్ వచ్చేలోపు అడిగేవాడు: రోడ్డు మీద పెడతారా, లోపల పెడతారా? ఎంత దూరం నుంచి కనపడాలె? ఎన్నటికి కావాలె? ఇవి తెలిశాకే రేటు. రేకుకు ప్రైమర్ పడకముందే సగం డబ్బు. సగం ఇవ్వనివాళ్ల రేకు షెడ్డు గోడకు ఆనించి అట్లాగే ఉండేది, ఎండకు ఎండుకుంటూ. ఎంత పెద్దమనిషి రేకైనా సరే.

ఆయన దగ్గర ఎర్రగుడ్డ బైండు వేసిన పొడుగాటి ఖాతా పుస్తకం ఉండేది. ఎవరి పని, ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు, రంగుకు ఎంత అయింది, ఎంత వచ్చింది, ఎంత రావాలె. రాత్రి దుకాణం కట్టేముందు ఆ లెక్క నాతో చదివించేవాడు. నేను చదువుతుంటే మధ్యలో ఆపి, "గీ పనికి నాలుగు రోజులెందుకు పట్టింది?" అనేవాడు. నేను నీళ్లు నమిలేవాణ్ణి. "మబ్బు పట్టింది ఉస్తాద్, ఎనామిల్ ఆరలేదు." "మరి మబ్బు రోజు ఇంకో పని ఎందుకు పట్టుకోలేదు?" ఇట్లా సాగేది. తిట్టేవాడు కాదు, అడిగేవాడు. మరుసటిసారి మబ్బు పట్టినప్పుడు నేనే ఇంకో రేకు ముందరేసుకున్నాను.

ఆ పుస్తకంలో కొన్ని పద్దుల పక్కన చిన్న ఎర్ర చుక్క ఉండేది. బాకీ చుక్క అనుకున్నాను. కాదు, వసూలైన వాటికి కూడా ఉంది. ఒకరోజు అడిగాను. "అవి నాకోసం చేసిన పనులురా" అన్నాడు. ఏడాదికి నాలుగో అయిదో ఉండేవి. ఒకటి నాకు గుర్తుంది, ఊరి చివర చిన్న సైకిల్ దుకాణం బోర్డు. దానికి ఆయన తీసుకున్నది రంగు ఖర్చే. కానీ ఆ సైకిల్ చక్రంలో ప్రతి పుల్లా గీశాడు.

ఫ్లెక్స్ వచ్చింది. 2000 దాటిన కొన్నేళ్లకే మన జిల్లాలో బోర్డు దుకాణాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. చేతిరాత పోయిందని అందరం బాధపడ్డాం, వ్యాసాలు కూడా వచ్చాయి. నేను బాధపడేది ఇంకోదానికి. చేతిరాతతో పాటు ఆ రాత్రి పూట లెక్క అడిగే మనిషి కూడా పోయాడు. నేను తర్వాత పది పాసై, ఇంటర్ చదివి, ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి పోయాను. అనాటమీ నేర్పారు, కాంపొజిషన్ నేర్పారు, మంచి మాస్టర్లు. కానీ ఐదేళ్లలో ఒక్కసారి కూడా "ఈ బొమ్మకు ఎన్ని రోజులు పట్టింది?" అని ఎవరూ అడగలేదు. అడగాలని వాళ్లకు తట్టలేదు. వాళ్లకు నెల జీతం వస్తుంది కదా.

ఇక్కడ ఉన్నవాళ్లలో చేతులెత్తండి, పోయిన సంవత్సరం ఎన్ని బొమ్మలు వేశారో, వాటిలో ఎన్ని పోయాయో, ఎవరి దగ్గరికి పోయాయో రాసిపెట్టుకున్నవాళ్లు. (ఆగి) ముగ్గురు. నలుగురు. అమ్మా మీరు ఎత్తారా, దించారా? (నవ్వులు)

సరే. ఇప్పుడు ఈ రెండు మాటల సంగతి. మెంటర్ అంటే మనం నడవబోయే దారిలో ముందే నడిచినవాడు. ఎక్కడ గుంత ఉందో వాడికి తెలుసు, కాలు విరగ్గొట్టుకున్నాడు గనుక. కోచ్‌కు బొమ్మ గురించి తెలియకపోయినా నడుస్తుంది. ఆయన పని ప్రశ్నలడగడం, మనం చెప్పిన మాట మనకు గుర్తుచేయడం. "పోయిన నెల పది స్కెచ్‌లు పూర్తి చేస్తానన్నారు, ఏమైంది?" అంతే. ఉస్తాద్‌లో ఈ ఇద్దరూ ఉండేవాళ్లు. ఇప్పుడు విడివిడిగా వెతుక్కోవాలి.

వెతుక్కునేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. పెద్ద ఆర్టిస్టు దగ్గరికి పోయి, ఆయన బొమ్మే మనమూ వేస్తూ కూర్చోవడం. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మల్లోని ఆడవాళ్లు మీ అందరికీ తెలుసు. పెద్ద బొట్టు, పసుపు రాసుకున్న ముఖం, ఎర్ర చీర. ఆయనది కరీంనగర్ వైపు పల్లె. ఈ రోజు తెలంగాణలో ఏ హోటల్ లాబీకి పోయినా ఆ ఆడవాళ్ల చుట్టాలు కనిపిస్తారు, కింద వేరేవాళ్ల సంతకం! (నవ్వులు) అయితే వైకుంఠం గారు బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర చదివారు. ఇంకో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారిదీ అదే బడి, అదే గురువు. మెదక్ జిల్లా నిజాంపూర్ మనిషి ఆయన. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న ఈ ఇద్దరి బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. లక్ష్మాగౌడ్ గీత సన్నగా, గరుకుగా, మేకలు, ముళ్లకంపలు, పల్లె మోటుతనం. వైకుంఠం బొమ్మ నిండుగా, రంగుల ముద్దలా. పోనీ ఇద్దరిలో ఎవరైనా సుబ్రమణ్యన్ లాగా వేశారా? వేయలేదు. మంచి గురువును ఇట్లాగే గుర్తుపట్టాలి: ఆయన శిష్యులు ఆయనలాగా ఉండరు.

ఇంకో సంగతి. వైకుంఠం గారు బొమ్మలు అమ్ముకునే బతకలేదు మొదట్లో. సినిమాలకు కళాదర్శకత్వం చేశారు. 'దాసి' సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. ఎందుకు చెప్తున్నానంటే, మన పిల్లలు కొందరు డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం చేస్తున్నామని, పెళ్లి మండపాల డెకరేషన్ చేస్తున్నామని సిగ్గుపడుతూ చెప్తారు. సిగ్గెందుకు? చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసినవాడు. ఏ పని చేస్తున్నామన్నది కాదు నా ప్రశ్న. ఆ పని అయ్యాక మన బొమ్మకు రోజులో ఏ గంట మిగులుతుందన్నది. ఉస్తాద్ అయితే అదే అడిగేవాడు.

నేను రిటైరయ్యాక ఐదారుగురు పిల్లలతో కూర్చోవడం మొదలుపెట్టాను. నెలకోసారి, ఒక్కొక్కరితో గంటన్నర. అందులో ఒక అమ్మాయి సంగతి చెప్తాను. తనను అడిగే చెప్తున్నాను, పేరు మాత్రం వద్దంది. దేవరకొండ వైపు ఊరు. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెప్తుంది. ఒక ఫెలోషిప్‌కు అప్లికేషన్ రాసుకుని తెచ్చింది, చూడమని. మొదటి వాక్యం: "ప్రకృతి సౌందర్యాన్ని, గ్రామీణ జీవన సౌరభాన్ని నా భావాల ద్వారా కాన్వాసుపై ఆవిష్కరించడం నా కళా లక్ష్యం."

మీలో ఎంతమంది ఇదే వాక్యం రాశారు? నేనూ రాశాను. ముప్పై ఏళ్లు రాశాను.

"ఏ ప్రకృతి బిడ్డా?" అన్నాను. "అంటే సార్, చెట్లు, పొలాలు." "మీ పొలంలో ఏముంది?" "ఏం లేదు సార్. కంది పెడతాం." "చెట్లు?" "రెండు తుమ్మలు." ఇంక మాట్లాడలేదు. ఆ రోజు అంతటితో అయిపోయింది. నేను ఇంకా అడగొచ్చు, కానీ తనకు కోపం వస్తున్నట్టు కనిపించింది. రెండోసారి వచ్చినప్పుడు ఫోన్‌లో ఫోటోలు చూపించమన్నాను. బొమ్మలు కాదు, ఊరికే తీసుకున్నవి. పెళ్లిళ్లు, పిల్లలు, మేకలు. మధ్యలో ఒక ఫోటో, పొలంలో నేల మీద గోనెసంచి కట్టిన పైపు, దాని మీద రాయి. ఇంకో ఫోటో, ఇంకో పైపు, దాని మీద పగిలిన ప్లాస్టిక్ బకెట్ బోర్లించి ఉంది. ఇంకోటి, పాత చీర చుట్టింది. "ఇవేంటి?" "ఎండిపోయిన బోర్లు సార్. చిన్నపిల్లలు పడతారని మూస్తాం." "ఎన్ని?" "మా నాయన ఏడు వేసిండు సార్. ఒక్కదాంట్లనే నీళ్లు పడ్డయి. అదీ మూడేండ్లే."

అప్పుడు నాకు నోటిదాకా వచ్చింది, "ఇదే గీయి!" అని. ఆపుకున్నాను. ఇది చెప్పడం తేలిక, చేయడం చాలా కష్టం. నేనన్నానంటే అది నా బొమ్మ అవుతుంది. "ఈ ఫోటోలు ఎందుకు తీసుకున్నవు?" అని మాత్రం అడిగాను. చాలాసేపు ఏం చెప్పలేదు. తర్వాత, "ఆ చీర అమ్మది సార్" అంది.

మూడోసారి వచ్చినప్పుడు నాలుగు బొమ్మలు తెచ్చింది. బొగ్గుతో, గోనె మీద. అప్లికేషన్ కూడా మార్చి రాసింది: "మా నాయన ఏడు బోర్లు వేశాడు. ఒకదానిలో నీళ్లు పడ్డాయి. మిగిలిన ఆరు గుంతల మీద మేము కప్పిన వాటిని నేను గీస్తున్నాను." చదివేవాడు ఢిల్లీలో ఉండనీ, కొచ్చిలో ఉండనీ, ఆ మూడు వాక్యాల తర్వాత పేజీ తిప్పకుండా ఉండగలడా? ఫెలోషిప్ మొదటిసారి రాలేదు. హైదరాబాద్‌లో ఒక సామూహిక ప్రదర్శనకు మాత్రం వాటిలో మూడు తీసుకున్నారు. ఇప్పుడు తను నన్ను తక్కువ అడుగుతుంది, నేనే తనను ఎక్కువ అడుగుతున్నా.

(సభలోంచి: "ఫెలోషిప్పులు ఏవి ఉన్నాయి సార్?")

చెప్తాను. కేంద్ర సాంస్కృతిక శాఖవి సీసీఆర్‌టీ అనే సంస్థ ద్వారా ఇస్తారు. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకు యువ కళాకారుల స్కాలర్‌షిప్, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. 25 నుంచి 40 ఏళ్లవాళ్లకు జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. నలభై దాటితే సీనియర్, 20,000. అవీ రెండేళ్లే. దృశ్యకళలకూ ఉన్నాయి, కూచిపూడికి మాత్రమే అనుకోకండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు వయసు, తేదీలు మళ్లీ చూసుకోండి. రాతిశిల్పులు, కుమ్మరులు, బొమ్మలు చేసేవాళ్లు ఉంటే 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం వేరే ఉంది, పనిముట్లకు 15,000 ఇస్తారు. కాన్వాసు మీద వేసేవాళ్లు ఆ జాబితాలో లేరు.

ఇంకో రకం కూడా వస్తాయి, వాట్సాప్‌లో. "అంతర్జాతీయ కళారత్న అవార్డుకు మీరు ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు ఐదు వేలు." నేను ఒకసారి కట్టాను. సిగ్గు విడిచి చెప్తున్నాను. శాలువా, మెమెంటో వచ్చాయి. మెమెంటో మీద నా పేరులో అక్షరం తప్పు. (నవ్వులు) మనల్ని ఎంపిక చేసినవాళ్లు మనకు డబ్బులివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటి?

డబ్బు సంగతి వచ్చింది గనుక లెక్కకే వద్దాం. బోర్డు మీద రాస్తాను, రాసుకోండి. మూడడుగులు నాలుగడుగుల కాన్వాసు. కాన్వాసు, ఫ్రేము కలిపి 2,500 అనుకుందాం. రంగులు 1,800. హైదరాబాద్‌కు చేర్చడానికి 700. మొత్తం 5,000. పన్నెండు రోజులు పట్టింది. రోజుకు ఎంత వేసుకుంటారు?

(సభలోంచి: "మా టైముకు లెక్కెందుకు సార్?")

అదే మరి. తాపీ మేస్త్రీ మీ ఇంటికొస్తే ఇస్తారు కదా కూలి? వాణ్ణి "నీ టైముకు లెక్కెందుకు" అని అడగండి, తాపీ తీసుకుని వెళ్లిపోతాడు. మనం కనీసం మేస్త్రీ అంత. రోజుకు వెయ్యి వేద్దాం. 12,000. మొత్తం 17,000. ఇది మన చేతికి రావలసింది, ఇంకా లాభం కలపలేదు. ఇప్పుడు గ్యాలరీ వాళ్లు నూటికి నలభై తీసుకుంటామన్నారు. ముప్పై నుంచి యాభై దాకా తీసుకుంటారు, వాళ్లకూ అద్దె, కరెంటు, కేటలాగు ఉంటాయి, అందులో అన్యాయం లేదు. ధర ఎంత పెడతారు?

(సభలోంచి: "23,800")

ఎట్లా వచ్చింది? 17,000కు నలభై శాతం 6,800 కలిపారు. అందరూ చేసే తప్పే. గ్యాలరీ తీసుకునేది 17,000 మీద కాదు, మీరు పెట్టిన 23,800 మీద. అందులో నలభై శాతం పోతే మీకొచ్చేది 14,280. అంటే 2,720 మీ కూలిలోంచి పోయింది. దాదాపు మూడు రోజులు ఉచితంగా పని చేశారు. 17,000ను 0.6తో భాగించాలి. 28,333. కాబట్టి 28,500 పెట్టాలి. ఈ చిన్న భాగహారం నాకు నలభై ఐదేళ్లు వచ్చాక ఒక స్నేహితుడు చెప్పాడు. కాలేజీలో లెక్కల మాస్టారు కాదు, ఎరువుల దుకాణం నడిపేవాడు! వాడే నా మొదటి కోచ్ అనుకోవచ్చు. వాడికి పికాసో అంటే రంగు డబ్బా కంపెనీ. (నవ్వులు)

ఒక బొమ్మ ఒక ధరకే ఉండాలి. గ్యాలరీలో 28,500 పెట్టి, ఇంటికొచ్చినవాడికి 15,000కు ఇచ్చారంటే ఆ గ్యాలరీ మళ్లీ మీ ఫోన్ ఎత్తదు. గోడల బొమ్మలకైతే చదరపు అడుగు లెక్క ఉంటుంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. కానీ నిచ్చెనలు, కర్రలు కట్టించడం, గోడకు ఉప్పు తేలితే గీకి మళ్లీ పుట్టీ పెట్టడం, ఇవి ఎవరి ఖర్చో ముందే రాయించుకోండి. నోటిమాట మీద గోడ ఎక్కొద్దు.

కాగితం లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో నాకే జరిగింది. ఒక విత్తనాల కంపెనీ వాళ్లు బతుకమ్మ బొమ్మ వేయించుకున్నారు. ఆరు వేలిచ్చారు. సంతోషంగా తీసుకున్నాను. డిసెంబర్‌లో ఎరువుల దుకాణంలో చూస్తే గోడకు క్యాలెండర్, నా బతుకమ్మ. అడుగున నా సంతకం ఉన్న భాగం కత్తిరించి ఫోన్ నంబర్లు వేశారు. పోయి అడిగితే, "కొన్నాం కదా" అన్నారు. నేను చాలా ఏళ్లు వాళ్లు దొంగలని తిట్టుకుంటూ తిరిగాను. తర్వాత ఒక వకీలు మిత్రుడు కాపీరైట్ చట్టం చూపించాడు, 1957 నాటిది. డబ్బిచ్చి పురమాయించి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాడే. పదిహేడో సెక్షన్. అంటే క్యాలెండర్ వేసుకునే హక్కు వాళ్లదే! నా తిట్లన్నీ వృథా.

అయితే ఇంకో సెక్షన్ ఉంది, యాభై ఏడు. కాపీరైటు ఎవరి దగ్గరున్నా, ఆ బొమ్మ వేసింది నేను అని చెప్పుకునే హక్కు నాతోనే ఉంటుంది. నా పరువుకు భంగం కలిగేలా బొమ్మను పాడుచేస్తే అడిగే హక్కూ ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో పెద్ద కంచు కుడ్యశిల్పం చేశారు. 1979లో దాన్ని తీసి గోదాములో పడేశారు, ముక్కలయింది. ఆయన ప్రభుత్వం మీద కోర్టుకు పోయారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. మిగిలిన ముక్కలు తిరిగివ్వమంది, ఐదు లక్షల పరిహారం ఇప్పించింది. దాన్ని తీసేసినప్పటి నుంచి ఇరవై ఆరేళ్లు. మనకంత ఓపిక లేదు కదా, అందుకే ముందే ఒక పేజీ రాసుకుందాం: ఈ బొమ్మ ఎక్కడ వాడతారు, ఎన్నేళ్లు, సంతకం ఉంచుతారా. హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం రాయకపోతే చట్టం ఐదేళ్లుగా తీసుకుంటుంది, ప్రాంతం రాయకపోతే దేశమంతా అవుతుంది. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. మీ ఇష్టంతో వేసుకున్న బొమ్మను ఎవరైనా కొంటే వాళ్లకు పోయేది బొమ్మ మాత్రమే, కాపీరైటు మీదే. పురమాయింపు బొమ్మకూ దీనికీ ఇదే తేడా.

ఇవన్నీ చేయాలంటే మన దగ్గర పుస్తకం ఉండాలి. మళ్లీ అక్కడికే వచ్చాను. ఏ బొమ్మ, ఏ సంవత్సరం, ఎంత సైజు, ఏ రంగులు, ఎక్కడుంది. మంచి వెలుతురులో తీసిన ఒక ఫోటో. తెలంగాణలో కవులు లేరని ఎవరో రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు, మన పాలమూరు మనిషి, ఏం చేశారు? కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. కవులు అంతకుముందు కూడా ఉన్నారు, రాసిపెట్టలేదంతే. రేపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చిత్రకారులు లేరని ఎవరైనా అంటే మన దగ్గర చూపించడానికి ఏముంది? ఫేస్‌బుక్ పోస్టులా?

లెక్కపెట్టడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టాలంటే, చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. తరతరాలుగా ఆడవాళ్లు తిప్పారు, భుజాలు నొప్పి అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లమ్మ తిప్పడం చూసిన చింతకింది మల్లేశం ఆ కదలికను కదలికగా చూశాడు, యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మన పనిలో భుజం నొప్పి ఎక్కడుందో మనకు తెలుసా? నాకు తెలిసింది పుస్తకం మొదలుపెట్టాకే. నా సమయంలో మూడో వంతు బొమ్మలు తీసుకుపోవడం, తీసుకురావడం, ఫ్రేములవాడి దగ్గర కూర్చోవడానికే పోతోంది.

ఇక చివరగా, ఇక్కడ మనం ఏం చేయగలమో. ప్రతి ఒక్కరికీ హైదరాబాద్‌లో మెంటర్ దొరకడు. దొరికినా నెలనెలా బస్సెక్కలేం. నేననేది, ముగ్గురు ముగ్గురు కూడండి. సూర్యాపేటలో ముగ్గురు, వనపర్తిలో ముగ్గురు, గద్వాలలో ముగ్గురు. ముగ్గురూ ఒకే రకం పని చేసేవాళ్లు కాకుండా చూసుకోండి. ఒకరు గోడల బొమ్మలవాళ్లు, ఒకరు టీచరు, ఒకరు శిల్పి, ఇట్లా. నెలకోసారి రెండు గంటలు. ప్రతిసారీ ఒకరు పూర్తికాని బొమ్మ తేవాలి. పూర్తయింది తెస్తే పొగడ్తలే వస్తాయి. మిగతా ఇద్దరు చూసిందే చెప్పాలి, బాగుంది బాగాలేదు అనొద్దు. "నా కన్ను ముందు ఈ మూలకు పోయింది, తర్వాత ఇక్కడ ఆగింది", ఇట్లా. బొమ్మ వేసినవాళ్లు ఆఖర్లో మాట్లాడాలి. ఇది చాలా ముఖ్యం. మనవాళ్లు బొమ్మ చూపించకముందే "ఇందులో నేను అనుకున్నదేమంటే" అని మొదలుపెడతారు, ఇంక ఎదుటివాడు ఏం చూస్తాడు?

రెండో గంట పుస్తకాలు తెరవాలి. ఒకరి పుస్తకం ఒకరు చదవాలి. మన లెక్క ఇంకొకరి నోట వింటే సిగ్గూ వస్తుంది, తెలివీ వస్తుంది.

(సభలోంచి ఒక మహిళ: "సార్, మాకు ఇంట్లో ఆ రెండు గంటలు కూడా దొరకవు. పెళ్లయ్యాక రంగుల డబ్బా అటక మీదికి పోయింది.")

అమ్మా, మీరడిగిందానికి నా దగ్గర నున్నటి జవాబు లేదు. ఒకటి మాత్రం చూశాను. మిర్యాలగూడలో ఒక టీచరమ్మ ముందు అటక మీది డబ్బా దించి వంటింటి గడప పక్కన పెట్టింది. రోజూ కాళ్లకు తగిలేలా. మొదటి నెల ఒక్క గీత గీయలేదు. రెండో నెల తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా కూర్చుంది. వాళ్లాయన మొదట విసుక్కున్నాడట, తర్వాత పాల ప్యాకెట్ తనే తెస్తున్నాడట. మీరు ముగ్గురిలో ఒకరుగా చేరండి. ఇంట్లో చెప్పేటప్పుడు కోచింగ్ క్లాసుకు పోతున్నా అనండి, ఎవరూ అడ్డు చెప్పరు! (నవ్వులు, చప్పట్లు)

(సభలోంచి: "మీ పుస్తకం తెచ్చారా సార్?")

తెచ్చాను. ఇదిగో, బైండు ఎర్రది కాదు, స్టేషనరీ దుకాణంలో నీలం రంగే దొరికింది. ఉస్తాద్ పోయి పదేళ్లు దాటింది. ఆయన పుస్తకాలు కొడుకు కాగితాలవాడికి వేశాడు, తెలిసి పరిగెత్తితే ఒక్కటి దొరికింది, 1986ది. అందులో నా చేతిరాత ఉంది, చుక్కలు ఆరు ఉన్నాయి. నా దాంట్లో పోయిన సంవత్సరం పద్దులు ముప్పై నాలుగు. చుక్కలు రెండే. ఒకటి మనవరాలి పుట్టినరోజుకు వేసింది, దానికి డబ్బులు రాలేదు గనుక ఉస్తాద్ ఒప్పుకునేవాడో లేదో. రెండోది వెనక టేబుల్ మీద పెట్టాను. పూర్తి కాలేదు. టీ తాగుతూ చూడండి, మీ కన్ను ముందు ఎక్కడికి పోయిందో చెప్పండి. నేను ఆఖర్లో మాట్లాడతాను.